ఏలినాటి శనీ, అత్త పేరు మీద కారూ

మా ఇంట్లో కారు మా అత్త రాఘవమ్మ పేరు మీద ఉంది. ఆవిడకు కారు తోలడం రాదు, లైసెన్సు లేదు. ముందు సీట్లో కూర్చుంటే తల తిరుగుతుందని వెనక సీట్లో, అదీ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంటుంది. రోజూ తోలేది మా ఆయన కేశవ. అయినా బండి అత్త పేరు మీదే ఎందుకుందంటే, కేశవకు ఏలినాటి శని నడుస్తోంది.

ఈ రహస్యం బయటపెట్టింది మా ఉదయగిరిలోనే జాతకాలు చూసే పెద్దమనిషి. మా మామ కామయ్య సగం గొర్రెల మందను అమ్మి పాత ఏడు సీట్ల బండి కొనే ముందు ఆయన దగ్గరకు వెళ్లాడు. ఆయన వేళ్ల కణుపులు లెక్కపెట్టి, పిల్లవాడి పేరు మీద ఇనుము ఉండకూడదన్నాడట. అంతే, బండి అత్తది అయిపోయింది. దాని ముందు పొట్టేలును కొట్టారు, గుమ్మడికాయ పగలగొట్టారు, బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. ఇక శని వచ్చినా, ముందు ఆర్‌సీ బుక్కు తెరిచి, యజమాని పేరు చదువుకుని, ఇది రాఘవమ్మది, మనకు సంబంధం లేదని వెనక్కి మళ్లుతాడని మావాళ్ల ధైర్యం. స్టీరింగ్ వెనక ఎవరున్నారో తలెత్తి చూసేంత తీరిక ఆయనకు ఉండదు కాబోలు.

నేనూ చాలాకాలం నోరు మూసుకునే ఉన్నాను. మొన్న వేసవిలో వరికుంటపాడులో మా పిన్ని అల్లుడి కారు బోల్తా పడింది. మనిషి దక్కలేదు. ఆ కారుకు పాలసీ ఉంది. అది ఆయనకు వర్తించదన్నారు. ఆయన భార్య, మా చెల్లెలు సుజన, ఇద్దరు పిల్లలను పెట్టుకుని ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. పరామర్శకు వెళ్లి వచ్చిన రోజు నుంచి, కేశవ గొర్రెల సంతలకు బయలుదేరిన ప్రతిసారీ నాకు తిండి సయించడం మానేసింది.

"మన పాలసీలో ఏముండాది?" అని అడిగాను.

"ఇన్సూరెన్సు ఉండాది" అన్నాడు మా ఆయన. మనిషి పదో తరగతి పాసయ్యాడు.

ఆ పాలసీ డాష్‌బోర్డులో దేవుడి పటం వెనక దొరికింది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ. ఏజెంటు ప్రతి ఏడాదీ కాగితం పంపిస్తాడు, మామ డబ్బు కడతాడు, అత్త బొట్లు పెడుతుంది. చదవడం అనే పని మాత్రం ఎవరి వంతుకూ రాలేదు. నేను డిగ్రీ చదివాను కదా అని చదవబోయాను. రెండో పేజీకే నా డిగ్రీ మీద నాకు అనుమానం వచ్చింది. అందుకని మా పాప గోపికను బడికి పంపి, ఇంట్లో బట్టలు కొనుక్కొస్తానని చెప్పి, ఆత్మకూరు బస్సెక్కాను.

కోర్టు ఎదురుగా మేడ మీద వకీలు మాలకొండయ్య ఆఫీసు. చుట్టుపక్కల ఏ యాక్సిడెంటు కేసైనా ఆయన దగ్గరకే వస్తుందని చెప్పారు. ఆయన నన్ను చూడగానే ముఖం జాలిగా పెట్టాడు.

"ఎవరు పోయినారమ్మా?"

"ఎవరూ పోలేదు సార్."

"దెబ్బలేమన్నా తగిలినాయా?"

"లేదు సార్. పాలసీలో చిల్లులు ఏమన్నా ఉండాయేమో చూస్తారని వచ్చినాను."

ఆయన పెన్ను కింద పెట్టాడు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ప్రమాదం జరగకముందే వచ్చినదాన్ని నేనేనట. ఆ మాట ఆయన మెచ్చుకోలుగా అన్నాడో, బేరం పోయిందన్న బాధతో అన్నాడో నాకు తెలియలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, కుంకుమ అంటని చోట్ల నుంచి చదవడం మొదలుపెట్టాడు.

"బండిలో కిరాయికి ఎక్కించుకుంటాడా మీ ఆయన?"

"లేదు సార్. దారిలో చుట్టాలు చెయ్యెత్తితే ఎక్కించుకుంటాడు. వాళ్లే డీజిలుకని ఇస్తారు."

"ఎంతమంది చుట్టాలు?"

"సీతారామపురం నుంచి ఆత్మకూరు దాకా అందరూ చుట్టాలే సార్."

"రేపు కోర్టులో ఆ చుట్టాలే టికెట్టెంతో చెప్తారు. కిరాయి బండంటే కంపెనీ పైసా ఇయ్యదు. ముందు అది మానుకోమను." ఇంకో పేజీ తిప్పాడు. "ఇదిగో, అసలు చిల్లు ఈడుండాది. ఇది ఓనరు డ్రైవరుకి ప్రమాద బీమా. ఏటేటా దీనికి కడతానే ఉండారు. ఓనరుకి లైసెన్సుండి, బండి తనే తోలతా ప్రమాదంలో పోతే, ఇంటోళ్లకి డబ్బొస్తాది."

"ఓనరు మా అత్త సార్. ఆమె తోలదు."

"అట్టయితే ఆమెకి రాదు."

"తోలేది మా ఆయన."

"ఆయన ఓనరు గాదు. ఆయనకీ రాదు."

"జీతానికి తోలే డ్రైవర్లకి వస్తాదంటారే?"

"తల్లి బండి తోలే కొడుక్కి జీతమెవరిస్తారమ్మా. ఎవర్నన్నా గుద్దితే వాళ్లకి కంపెనీ ఇస్తాది. మీ ఆయనకి ఏమన్నా అయితే మాత్రం నీకేం రాదు."

"మరి మేం కట్టేది ఎవరికోసం సార్?"

"కంపెనీ కోసం" అన్నాడాయన, నవ్వకుండా.

ఏలినాటి శని సంగతి చెప్పాను. ఆయన బండి కేశవ పేరుకు మార్పించి, పాలసీలో కూడా పేరు మార్పించమన్నాడు. ఓనరూ ఆయనే, లైసెన్సూ ఆయనదే, తోలేదీ ఆయనే అయితే చిల్లు పూడుతుందట. ఫీజు ఎంతని అడిగితే, "ఇప్పుడేం వద్దులేమ్మా, కేసొచ్చినాక చూసుకుందాం" అన్నాడు. అలవాటు కొద్దీ అన్న మాటే. మెట్లు దిగుతుంటే చెవుల్లో అదే మోగింది.

కింద మా మామకు తమ్ముడి వరసయ్యే మస్తానయ్య నిలబడి ఉన్నాడు, పొలం కేసు వాయిదాకు వచ్చి. నన్ను చూశాడు, మేడ మీద బోర్డు చూశాడు, పలకరించకుండానే సెల్లు తీశాడు. నేను వచ్చిన బస్సు కంటే ఆయన ఫోను వేగంగా ఉదయగిరి చేరింది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నులక మంచాలు వేసి ఉన్నాయి. వరసైన వాళ్లంతా కూర్చున్నారు. మా అన్న చైతన్యను కొండాపురం నుంచి పిలిపించారు. వాడు నన్ను తీసుకుపోవడానికి సంచీతో సహా వచ్చాడు. కోడలు వకీలు దగ్గరకు వెళ్లిందంటే విడాకులకే అని మావాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కేశవ మూలన నిలబడి, తానేం తప్పు చేశాడో గుర్తు తెచ్చుకుంటున్నాడు. జాబితా పెద్దదే అయినట్టుంది.

"ఏంది రజినీ, మావోడు కొట్టినాడా, తిట్టినాడా?" అన్నాడు మామ.

"కారు ఇన్సూరెన్సు చూపించడానికి పోయినాను మామా."

ఎవరూ నమ్మలేదు. పాలసీ తీసి, వకీలు చెప్పిందంతా చెప్పాను. అప్పుడు నమ్మారు. నమ్మాక ఇంకా కోపం వచ్చింది. విడాకులైతే కనీసం నలుగురూ వినివున్న విషయం. మొగుడు బతికుండగానే, అతను పోతే ఏమొస్తుందని అడిగిన ఆడదాన్ని అంతవరకు ఎవరూ చూడలేదు.

"నోటితో అట్టాంటి మాటలు అనబాక" అంది అత్త, చెవులు మూసుకుని.

"అన్నంత మాత్రాన అయిపోదత్తా. నేను సుజన మాదిరి తిరగలేను. నాకు భయంగా ఉండాది" అన్నాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను. "శని ఉన్నోడి పేరు మీద బండి ఉండగూడదంటిరి. మరి శని ఉన్నోడు తోలొచ్చా?"

చివరికి మస్తానయ్య గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. శని పోవడానికి ఇంకా రెండున్నరేళ్లు ఉంది కాబట్టి, బండి పేరు అప్పుడు మార్చుకోవాలి. అందాకా కేశవ జాగ్రత్తగా తోలాలి. అందరూ తలలూపి, టీలు తాగి లేచారు. మా అన్న ఖాళీ సంచీతో వెనక్కి వెళ్లాడు. అత్త ఆ రాత్రి అన్నం తినలేదు.

తెల్లారి కేశవ సంతకు బయలుదేరాడు. బండి కదిలే ముందు రోజూ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేది అత్తే. ఆ రోజు వట్టి చేతులతో వచ్చి బంపర్‌కు అడ్డంగా నిలబడింది. కేశవ హారన్ కొట్టాడు. ఆవిడ జరగలేదు.

"ఏందే, అడ్డం నిలబడినావు?" అన్నాడు మామ.

"బండి నాదంట గదా. ఓనరుని నేనంట గదా. నేను చెప్తేనే కదలాల."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పేరు మారిందాకా ఇది సంతకు పోదు. శనికి కనపడకుండా బండిని దాచినాం. కొడుకుని మాత్రం అందులో కూర్చోబెట్టి రోజూ పంపిస్తా ఉండాం. ఇదేం తెలివి మనది?"

జాతకాలాయన ఏమంటాడో అని మామ గొణిగాడు.

"అంత భయంగా ఉంటే ఆయన పేరు మీద పెట్టుకోమను" అంది అత్త. నావైపు తిరిగింది. "ఏందట్టా చూస్తావు, కాగితాలు తీసుకోని ఎక్కు."

ఆమెకూ నాకూ వంట దగ్గర, పిల్ల దగ్గర, చివరికి చీపురు పెట్టే మూల దగ్గర కూడా ఏనాడూ పడలేదు. ఆ పొద్దున మాత్రం ఆవిడ కాళ్ల మీద పడదామనిపించింది. పడలేదులెండి. పడితే మళ్లీ పంచాయతీ పెట్టేవారు.

బండ్ల రిజిస్ట్రేషన్లు చేసే ఆత్మకూరు బ్రేకు ఆఫీసుకు ముగ్గురం వెళ్లాం. ఓనరునని అత్త పట్టుబట్టి ముందు సీట్లో కూర్చుంది, దారిలో రెండుసార్లు వాంతి చేసుకుంది. దారిలో చెయ్యెత్తిన చుట్టాలను ఎక్కించుకోమంది గానీ డీజిలు డబ్బులు పుచ్చుకోనివ్వలేదు. చూపించిన చోటల్లా వంకరటింకర అక్షరాలతో తన పేరు రాసి, బండిని కొడుక్కి ఇచ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు. ఇల్లు చేరేదాకా కేశవ వీపు చూస్తూనే ఉంది.