ఎడమకాలి కడియం

మెదక్ బజారులో వెండికి మెరుగు పెట్టే మన్సూరా కొట్టు తెరిచీ తెరవకముందే ఐలమ్మ వచ్చింది. పాపన్నపేట నుంచి ఆటోలో వచ్చిన ఆ ముసలామె కొంగుముడి విప్పి ఒక కాలి కడియం బల్ల మీద పెట్టింది. బొగ్గులా నల్లబడి ఉంది. మధ్యమధ్య సన్నని గుంతలు.

మన్సూరా వంగి ఆమె కాళ్ళ వైపు చూసింది. కుడికాలి కడియం తెల్లగా మెరుస్తోంది.

"రెండూ ఒక్కనాడే చేపిచ్చినవా అవ్వా?"

"ఒక్కనాడే, ఒక్క వెండితోనే. గిదొక్కటే నల్లగైంది. పానంల రోగముంటేనే గిట్లైతదని ఊర్ల అంటున్నరు. మా మనుమరాలు శ్రేయ బాత్రూమ్ కడిగే మందుల నానబెట్టింది. ఇంకింత పాడైంది."

రోగమైతే ఒక్క కాలినే ఎందుకు పట్టుకుంటుంది? తండ్రి దగ్గర ఈ పని నేర్చుకున్నాక గడిచిన ఇరవై ఏళ్ళలో మన్సూరా ఇలాంటిది చూడలేదు.

గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, కడియం దానికి ఆనేలా పెట్టి, తినే సోడా చల్లి, మరుగుతున్న నీళ్ళు పోసింది. నీళ్ళు బుస్సున పొంగాయి. నలుపు మెల్లగా విడుస్తూ ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన లేచింది. అది గంధకం వాసనని మన్సూరాకు తెలుసు.

"ఎడమకాలికి ఏమన్న రాస్తున్నవా అవ్వా?"

ఐలమ్మ కాస్త సిగ్గుపడి చీర అంచు పైకి జరిపింది. మడమ పైన చర్మం ఎర్రగా కమిలి ఉంది. "నాట్లేసినప్పటి సంది దురద. గీ మలాం రాస్తున్న. నీకెట్ల తెల్సింది?"

ఆమె సంచిలోంచి తీసిన డబ్బా మీద గంధకం పేరుంది. మన్సూరా అంతటితో ఊరుకోలేదు. వెండి తీగను రెండు ముక్కలు చేసి, ఒకదానికి మలాం పూసి, రెండింటినీ ఎండలో పెట్టింది. మధ్యాహ్నం నమాజు చేసి వచ్చి తుడిచి చూస్తే, మలాం పూసిన ముక్క ముదురు గోధుమరంగుకు తిరిగింది, రెండోది తెల్లగానే ఉంది.

ఐలమ్మ రెండు ముక్కలనూ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. "అయితే నా పానం మంచిగనే ఉన్నదా?"

"పానం సంగతి డాక్టర్ చెప్పాలె. వెండి నల్లగైంది మాత్రం మలాంతోనే." మన్సూరా కడియం తుడిచి ఆమె చేతికిచ్చింది. "గీ గుంతలు మాత్రం పోవు అవ్వా. బాత్రూమ్ మందు వెండిని తిన్నది. అరగదీస్తే కడియం మీది పువ్వుల గీతలు సుత పోతయ్."

ఐలమ్మ బొటనవేలితో గుంతలు తడిమింది. "ఉండనీ. దురద తగ్గినంక ఏసుకుంట. గా తీగ ముక్కలియ్యి బిడ్డా, మా వాడకట్టోళ్ళకు చూపెడ్త."

మన్సూరా వాటిని వేరువేరు కాగితాల్లో చుట్టి ఇచ్చింది. ఐలమ్మ గడప దాకా వెళ్ళి ఆగింది.

"మరి బంగారం ఎందుకు నల్లగ కాదు?"

మన్సూరా నవ్వి, స్టూలు ఆమె ముందుకు జరిపింది.