గుర్రం పక్కన నడిచేవాళ్ళు

“గుర్రం కంపు కొడతన్నావు. వంటింట్లోకి రాకు” అంది రామలక్ష్మమ్మ. అంటూనే, మధ్యలో ఊపిరైనా తీసుకోకుండా, “పొద్దెక్కిపోయింది, ఇంకా ఎసరు పెట్టలేదేటి?” అని కూడా అంది.

తాయారు గుమ్మంలోనే ఆగింది. చంకలో ఎనిమిదేళ్ళ గౌరి, భుజాన సంచి, చీర అంచుకి గడ్డిపరకలు. అత్తగారి రెండు మాటల్లో ఏది వినాలి? పెళ్ళయిన నాటి నుంచీ వింటున్నట్టే రెండూ వింది. గౌరిని గోడకి దిండేసి కూర్చోబెట్టి, నెత్తిన నాలుగు చెంబులు కుమ్మరించుకుని, తడిజుట్టు ముడేసుకుని పొయ్యి ముట్టించింది. ఈ ఇంట్లో ఆమె వాసన ఎవరికీ అక్కర్లేదు. ఆమె చేతులు మాత్రం అందరికీ కావాలి.

గౌరి పుట్టినప్పుడు ఏడవలేదు. మెదడుకి గాలి ఆడలేదన్నారు డాక్టర్లు. కాళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి పడి కత్తెరలా బిగుసుకుపోతాయి, నడుము నిలవదు, మాట ముద్దముద్దగా వస్తుంది. సీతమ్మధారలో వాళ్ళు చూపించని డాక్టరు లేడు. చూపించినవాళ్ళు అంటే తాయారే. భర్త గురునాథరావుకి పోర్టులో ఉద్యోగం, సెలవు దొరకదు. సినిమాకి దొరుకుతుంది, స్నేహితుల పెళ్ళిళ్ళకి దొరుకుతుంది, పిల్లనెత్తుకుని ఆస్పత్రి వరండాలో కూర్చోడానికి మాత్రం దొరకదు. “మా వైపు ఇలాంటి పిల్ల ఎవరికీ లేదు” అని మాత్రం వచ్చినవాళ్ళందరికీ తీరిగ్గా చెప్పేవాడు.

చివరికి దారి చూపింది దీవెనమ్మ. ఆస్పత్రిలో పిల్లలకి కాళ్ళూ చేతులూ సాగదీయించే పని చేసి రిటైరైన క్రిస్టియన్ ఆవిడ. తగరపువలస వెళ్ళే రోడ్డు పక్క సరుగుడు తోటలో, చర్చివాళ్ళ ఖాళీ స్థలంలో రెండు గుర్రాలు పెట్టి, ఇలాంటి పిల్లల్ని వాటి మీద ఎక్కించి నడిపించేది. గుర్రం అడుగేస్తుంటే పైనున్న పిల్ల నడుము కూడా తాను నడుస్తున్నట్టే కదులుతుంది. దాని వీపు వెచ్చదనానికి బిగిసిన కాళ్ళు మెల్లగా వదులవుతాయి. ముందు ఒకరు తాడు పట్టుకోవాలి, రెండు వైపులా ఇద్దరు నడుస్తూ పిల్ల తొడ మీద చెయ్యి వేసి ఉంచాలి. ఆ చెయ్యి ఏం జరిగినా తియ్యకూడదు. నడిచేది తల్లులే. గుర్రాల్ని తోమేదీ, ఉలవలు ఉడకేసేదీ, లద్దె ఎత్తేదీ, పాత బొంతలు కుట్టి జీను కింద వేసేదీ తల్లులే. రెండేళ్ళు తాయారు వారానికి మూడుసార్లు కిక్కిరిసిన బస్సులో పిల్లనెత్తుకుని వెళ్ళింది. ఒకరోజు గౌరి ఎవరూ పట్టుకోకుండా నడుము నిలబెట్టి గుర్రం మీద కూర్చుంది. ఇంటికొచ్చి చెబితే గురునాథరావు పేపరు పక్కకి తియ్యకుండానే “ఊఁ” అన్నాడు.

ఆ తోటలో తాయారుకి ఇంకో లాభం కూడా ఉంది. అక్కడ మాట్లాడొచ్చు. గుర్రాలు నీళ్ళు తాగుతుంటే తల్లులందరూ నీడన చేరేవాళ్ళు. పద్మనాభం ఊరి నుంచి కొడుకుని తీసుకొచ్చే గంగాలమ్మ చోడంబలి, అదే రాగిజావ, తెచ్చి అందరికీ పోసేది. “మా ఇంటాయన ఒకపాలైనా రాడప్పా. బిడ్డనెత్తితే నడుం పట్టేత్తదంట. దుక్కి దున్నితే పట్టదంట!” అని ఆవిడంటే అందరూ విరగబడి నవ్వేవాళ్ళు. ఇంట్లో తాయారు అంత గట్టిగా నవ్వితే, ఎవరు చచ్చారని అడిగేది అత్తగారు.

పేపర్లో ఈ తోట గురించి నాలుగు ముక్కలు పడ్డాక మగవాళ్ళకి హఠాత్తుగా పిల్లలు గుర్తొచ్చారు. కమిటీ పుట్టింది. పోర్టులో గురునాథరావు పై అధికారి శ్రీరామ్మూర్తిగారి మనవడు కూడా అక్కడికి వస్తాడు కనక ఆయన ప్రెసిడెంటు. ఆయన ప్రెసిడెంటు కనక గురునాథరావు సెక్రటరీ. పక్కా షెడ్డు వస్తుందన్న ఆశతో దీవెనమ్మ సరేనంది. తల్లుల్లో ఒక్కరినైనా కమిటీలోకి పిలవాలని ఎవరికీ తోచలేదు. తోట ముఖమైనా చూడని సెక్రటరీగారి ఇంట్లో మీటింగులు, ఆ మీటింగులకి తాయారు చేతి కాఫీలు.

వార్షికోత్సవం సంగతి అలాంటి మీటింగులోనే తేలింది. ఢిల్లీ నుంచి ఒక పెద్దాఫీసరు వస్తున్నాడు, ఆయన మనసుపడితే షెడ్డు ఖాయం.

“ఆడాళ్ళు చీరలెగ్గట్టి గుర్రాల పక్కన నడుస్తుంటే ఫొటోలో ఏం బావుంటుంది? ఆరోజుకి తండ్రులం నడుద్దాం. ఆడాళ్ళు టిఫిన్లు చూసుకుంటారు. కారు దిగగానే బ్యాండుమేళంతో స్వాగతం” అన్నాడు గురునాథరావు.

లోపలికి వెళ్ళబోయిన తాయారు ట్రేతోనే వెనక్కి తిరిగింది. గౌరి ఎక్కే గుర్రం బంగారి. దీవెనమ్మ దగ్గరికి రాకముందు అది పెళ్ళి ఊరేగింపుల్లో ఆడిన గుర్రం. ఒకసారి రోడ్డు మీద పెళ్ళివాళ్ళు మేళంతో వెళుతుంటే, ఖాళీగా ఉన్న బంగారి ముందుకాళ్ళెత్తి నాట్యం మొదలెట్టింది. తల్లులు నలుగురు పట్టినా ఆగలేదు. మేళం దూరమయ్యాకే ఆగింది.

“బ్యాండు వద్దండి” అంది. “బంగారి పెళ్ళిగుర్రమండి. మేళం వింటే ఆడేత్తది.”

“పెళ్ళిగుర్రమైతే మరీ మంచిది. బ్యాండు దానికి అలవాటే. బెదరదు!” అన్నాడు గురునాథరావు. అందరూ నవ్వారు.

“బెదరదండి, ఆడతాది. మీద పిల్ల ఉంటాది...”

“కాఫీ బాగుందమ్మా” అన్నాడు శ్రీరామ్మూర్తి. దానర్థం లోపలికి వెళ్ళమని.

దీవెనమ్మ కూడా వెళ్ళి చెప్పింది. ప్రోగ్రాం అచ్చయిపోయింది, ఇప్పుడు మార్చలేమన్నారు.

ఆ ఆదివారం తోటలో షామియానా వేశారు. ముందు వరసలో కుర్చీలు మగవాళ్ళకి. వెనక పాకలో తల్లులు ఉప్మా కలుపుతున్నారు. తాయారు గరిటె తిప్పుతూనే తలెత్తి చూస్తోంది. బంగారి మీద గౌరి, ఎర్ర గౌను, రెండు జడలు. తాడు శ్రీరామ్మూర్తి చేతిలో. ఒకవైపు ఆఫీసు గుమాస్తా సన్యాసిరాజు, రెండోవైపు తెల్లప్యాంటు వేసుకున్న గురునాథరావు. తొడ మీద చెయ్యి ఎలా వెయ్యాలో పొద్దున్నే చూపిస్తే, “ఇదేమైనా బ్రహ్మవిద్యా?” అన్నాడు.

కారు వచ్చింది. బ్యాండు మోగింది.

బంగారి చెవులు నిక్కించింది. కుడికాలెత్తింది, ఎడమకాలెత్తింది, నడుమూపుతూ కదం తొక్కడం మొదలెట్టింది. అది బెదరలేదు, సంబరపడింది. ఇదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. బ్యాండువాళ్ళకి హుషారొచ్చి ఇంకా గట్టిగా వాయించారు. శ్రీరామ్మూర్తి తాడు వదిలేశాడు. డెక్కలకి జడిసి సన్యాసిరాజు దూరంగా గెంతాడు. సరిగ్గా అప్పుడే పెద్దాఫీసరు కారు దిగి ఇటు తిరిగాడు. గురునాథరావు గౌరి తొడ మీంచి చెయ్యి తీసి, రెండు చేతులూ జోడించి, వంగి ఆయనకి నమస్కారం పెట్టాడు.

తాయారు చూసింది. ఆ నమస్కారాన్ని ఆమె బతికున్నన్నాళ్ళూ చూస్తూనే ఉంటుంది. గరిటె ఎక్కడ పడేసిందో, షామియానా తాళ్ళు ఎలా దాటిందో తెలీదు. ఎగిరి పడుతున్న జీను మీంచి జారిపోతున్న పిల్ల కిందకి వెళ్ళి భుజంతో కాసింది. ఇద్దరూ మట్టిలో పడ్డారు. చెవి పక్కనే డెక్కలు. గౌరిని పొట్ట కింద దాచుకుని బోర్లా పడుకుంది. అప్పుడు గంగాలమ్మ గొంతు వినిపించింది. “ఆపండ్రా, సచ్చినోళ్ళారా!” డ్రమ్ము వాయించేవాడి చేతిలో కర్ర లాక్కుని విసిరికొట్టిందావిడ. మేళం ఆగింది. బంగారి కూడా ఆగి, ఏమీ ఎరగనట్టు మూతి దించి తాయారు వీపు వాసన చూసింది.

గౌరి నాలుక కరుచుకుంది. గౌను ముందంతా నెత్తురు. ఇంకెక్కడా దెబ్బ లేదు.

మైకు గురగురలాడింది. “గుర్రాలకి తర్ఫీదిచ్చే బాధ్యత తల్లులది. వాళ్ళ అజాగ్రత్త వల్ల చిన్న పొరపాటు జరిగింది. కమిటీ తరఫున క్షమాపణ చెప్పుకుంటున్నాను” అన్నాడు గురునాథరావు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే, “ఆడవాళ్ళు దయచేసి టిఫిన్లు వడ్డించండి” అన్నాడు.

తాయారు వడ్డించింది. అదే ఆమెని తరవాత కాల్చేసింది. గౌరిని దీవెనమ్మ ఒళ్ళో పెట్టి, గీరుకుపోయిన మోచేతులతోనే ఆకులు వేసి, ఉప్మా పెట్టి, పెద్దాఫీసరు మారు అడిగితే పచ్చడి కూడా వేసింది. చేతులు వాటి పాటికవి చేసుకుపోయాయి. ఎన్నేళ్ళ అలవాటో!

ఇంటికొచ్చాక ఒకే ఒక్క మాట అడిగింది. “చెయ్యెందుకు తీశారు?”

“పెద్దాఫీసరు వస్తే నమస్కారం పెట్టొద్దా?” అన్నాడు. నిజంగానే అర్థంకానట్టు అడిగాడు. “ఇక గుర్రాల్లేవు, గిర్రాల్లేవు. నా పరువు తీసింది నీ బంగారి. బుధవారం కమిటీ వచ్చి దాన్ని ఎవరికైనా ఇచ్చేస్తుంది. నువ్వూ, పిల్లా ఇంట్లోనే ఉండండి.”

“ఆడపిల్లని గుర్రమెక్కించొద్దని నాను సెప్పనేదా?” అంది రామలక్ష్మమ్మ.

రెండు రోజులు తాయారు పని చేస్తూనే ఉంది. అంట్లు తోముతుంటే, బియ్యం ఏరుతుంటే, అత్తగారికి కాళ్ళు పడుతుంటే ఆ జోడించిన చేతులే కనబడేవి. ఈ మనిషికి పిల్ల పడిపోవడం కనపడలేదు, కారే కనపడింది. అసలు ఎప్పుడు కనపడింది గనక? గౌరిని కనే రోజు పొద్దున్నే నొప్పులొచ్చాయి. వాకిట్లో రిక్షా సిద్ధంగా ఉంది. “రాహుకాలం పోనీ” అంది అత్తగారు. “అమ్మ చెప్పింది కదా, కాసేపు ఓర్చుకో” అన్నాడాయన, చేతి గడియారం చూసుకుంటూ. ఆమె పళ్ళ బిగువున ఓర్చుకుంది. లోపల పిల్లకి ఊపిరాడలేదు. ఆ తరవాత ఎనిమిదేళ్ళు, “మా వైపు ఎవరికీ లేదు” అన్నారు తల్లీకొడుకులు. ఆమె అది కూడా ఓర్చుకుంది. చేసినవాళ్ళు మైకులో క్షమాపణలు చెబుతారు, అదీ ఆమె పేరు మీద. మోసినవాళ్ళు ఆకులు వేస్తారు. తన ఓర్పు మీద తనకే అసహ్యమేసింది. ఛీ, ఈ ఓర్పు మంచిగుణమని ఎవరు చెప్పారు తనకి? దాని ఖరీదు కట్టింది తను కాదు, గౌరి.

బుధవారం పొద్దున్న తాయారు ఎసరు పెట్టలేదు. గౌరినెత్తుకుని బస్సెక్కింది.

తోటలో బంగారిని చూడగానే గౌరి కాళ్ళు మళ్ళీ కత్తెరలా బిగుసుకుపోయాయి. తల్లి మెడ గట్టిగా పట్టుకుని, “వద్దమ్మా, పతాను, పతాను” అని ఏడ్చింది. రెండేళ్ళు మోసి, నడిచి సంపాదించిన నడుము ఆ ఒక్క నమస్కారంతో కూలిపోయింది. దీవెనమ్మ పిల్ల కాళ్ళు తడిమి చూసింది.

“ఈ భయంతోనే ఇంటికి తీసుకుపోతే ఇక ఎక్కదు తాయారూ” అంది.

“నువ్వెక్కు” అంది గౌరి తల్లితో.

తల్లులందరూ నవ్వబోయి ఆగిపోయారు. ఆ గుర్రాలకి లద్దె ఎత్తారు, గుగ్గిళ్ళు పెట్టారు, ఎండల్లో పక్కన నడిచారు. ఇన్నాళ్ళూ ఒక్కరైనా ఎక్కలేదు. ఎక్కవద్దని ఎవరూ అనలేదు. ఎక్కొచ్చని వాళ్ళకే తోచలేదు.

“ఎక్కనా అమ్మా?” అంది తాయారు.

“బలమైన గుర్రమే, మోస్తాది. ఎనకాల కూచుని పిల్లని పొట్టకానించుకో. నాను సెప్తాను కదా” అంది దీవెనమ్మ.

గంగాలమ్మ ముందుకొచ్చి, పొలంలో ఊడ్పుకి దిగేటప్పుడు కట్టినట్టు తాయారు చీరకి గోచీ పోసి బిగించింది. “ఎక్కప్పా, నాను తాడట్టుకుంటాను” అంది. పిల్లల్ని ఎక్కించే అరుగు మీంచి తాయారు కాలు అవతలికేసింది. గౌరిని ముందు కూర్చోబెట్టారు. బంగారి కదిలింది. మొదట తాయారే భయంతో జీను అంచు గట్టిగా పట్టుకుంది. నాలుగు అడుగులయ్యాక నడుము దానంతటదే గుర్రం నడకతో కలిసిపోయింది. పొట్టకానిన పిల్ల వెన్ను మెల్లగా నిటారయింది. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది, ఆ వెక్కిళ్ళూ ఆగాయి. తాయారుకి కళ్ళనీళ్ళొచ్చాయి. అవి సంతోషానివి కావు. ఇంత సుఖమైన సంగతి పక్కనే పెట్టుకుని ఇన్నాళ్ళూ నడిచామే అని మండి వచ్చాయి.

స్కూటరు చప్పుడైంది. వెనకే శ్రీరామ్మూర్తిగారి కారు. గురునాథరావు స్కూటరు దిగి, తల పైకెత్తి చూసి, నోరు తెరిచి, పరుగున వచ్చి బంగారికి ఎదురుగా నిలబడ్డాడు. గంగాలమ్మ తాడు బిగించి గుర్రాన్ని ఆపింది.

“సిగ్గులేదూ? ఆ గోచీ ఏటి, ఆ వేషమేటి? దిగు. ప్రెసిడెంటుగారు చూస్తన్నారు. అమ్మకి పొద్దున్నించీ అన్నం లేదు. దిగు ముందు!”

తాయారు కిందకి చూసింది. ఆయన నడినెత్తి ఆమెకి ఇంతకుముందెప్పుడూ కనపడలేదు. అక్కడ జుట్టు పలచబడింది. ఇదేనా, ఇన్నేళ్ళు తను జడిసిన మనిషి?

“సెక్రటరీ గారూ” అంది.

గురునాథరావు ఉలిక్కిపడ్డాడు. “ఏవండీ” తప్ప ఇంకో పిలుపు ఆమె నోట అతనెన్నడూ వినలేదు.

“బంగారి ఎక్కడికీ వెళ్ళదు. మీ కమిటీ మీటింగు ఇకమీదట మా ఇంట్లో జరగదు, ఈ తోటలోనే జరుగుతాది. లద్దెత్తినోళ్ళే మెంబర్లు. మీకూ ఉండాలనుంటే రేపు పొద్దున్నే రండి, పార నాను చూపిస్తాను. ఇప్పుడు మా పిల్ల గుర్రం మీదుంది. అడ్డు తప్పుకోండి.”

అతను శ్రీరామ్మూర్తి వైపు చూశాడు, దీవెనమ్మ వైపు చూశాడు. తల్లులు ఒకరొకరే వచ్చి గుర్రానికి చెరోపక్కా నిలబడి, గౌరి తొడ మీద ఒకరు, తాయారు తొడ మీద ఒకరు చేతులు వేస్తున్నారు. గంగాలమ్మ తాడు వదులు చేసింది. తాయారు మడమలతో బంగారి డొక్కలో తట్టింది.

గురునాథరావు తప్పుకున్నాడు.