ఊయలకు కట్టిన ఈక

నక్కతో పెనుగులాటలో సెరిక్‌బోల్ వేటగద్ద ఎడమరెక్కలో నాలుగో పెద్ద ఈక సగానికి విరిగింది. మిగిలిన మొదల్లోకి సూది దూర్చి, జిగురు పెట్టి, రాలిన పాత ఈక కొసను దానికి అతికించాలి. అదీ ఎడమరెక్క నాలుగో ఈకే కావాలి. నిరుడు రాలినవాటిలో అలాంటిది ఒక్కటే ఉంది. దాన్ని ఐగానిమ్ దిష్టి తగలకుండా కొడుకు ఊయలకు కట్టింది. అది కట్టాకే పిల్లాడికి జ్వరం తగ్గింది.

"ఇంకోటి వెతకరాదూ?" అంది భర్త సెరిక్‌బోల్‌తో.

"ఉంటే నిన్నెందుకు అడుగుతాను? ఆ సందు అలాగే వదిలేస్తే పక్క ఈకలూ విరుగుతాయి. ఈ చలికాలం ఇక వేట లేనట్టే."

"వీడికి మళ్ళీ ఒళ్ళు కాలితే?"

టీ కాస్తున్న అత్త నవ్వింది. "వాళ్ళ నాన్నకి నేను ఏ ఈకా కట్టలేదు. గుర్రంలా పెరగలేదూ?"

"అందుకే ఇలా తయారయ్యారు," అంది ఐగానిమ్. కాసేపు ఊయల ఊపి, "మొత్తం కావాలా?" అని అడిగింది.

"పై సగం చాలు. మొదలు పారేస్తాం."

"పారేయకండి. నాకివ్వండి."

ముడి విప్పి ఈక అతని చేతిలో పెట్టింది. గద్ద కళ్ళకు తోలుటోపీ పెట్టి, పసిబిడ్డను చుట్టినట్టు దుప్పటిలో చుట్టి, ఒళ్ళో అదిమి పట్టుకుంది. సెరిక్‌బోల్ ఈక కోసి అతికించాడు. జిగురు ఆరేదాకా ఆమె కదల్లేదు.

తర్వాత జానెడు మొదలును ఊయలకు కట్టి, కొడుకు నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగానే ఉంది. అయినా సాయంత్రం దాకా పది నిమిషాలకోసారి వెళ్ళి చూస్తూనే ఉంది.