తల్లికుక్కని చూపించండి

కుక్కపిల్ల కోసం కాకినాడకు ఉత్తరం రాస్తూ సత్యవతి రెండు కాగితాలు చింపేసింది. మొదటిది బతిమాలుతున్నట్టుంది. రెండోది అనుమానిస్తున్నట్టుంది. మూడోదాంట్లో నాలుగే ముక్కలు రాసింది: మీ దగ్గర గోల్డెన్ రిట్రీవర్ పిల్లలున్నాయని విన్నాం, ఆదివారం ఉదయం పది దాటాక వస్తాం, మా పాప కూడా వస్తుంది, పిల్లలతో పాటు తల్లికుక్కని కూడా చూపించండి.

పది దాటాక అన్నది అత్తగారు కామాక్షమ్మ పంచాంగం చూసి చెప్పిన వేళ. చెప్పిందే గాని ఊరుకోలేదు.

"కుక్కకి కూడా పెళ్ళిచూపులా అమ్మాయ్? ఇంతదాకా వచ్చేక పెళ్ళిళ్ళ పేరయ్యనొకణ్ణి కుదుర్చుకుంటే పోయేదిగా!"

సత్యవతి నవ్వలేదు. ఏడాదిగా ఆ ఇంట్లో కుక్క అన్న మాటకు ఎవరూ నవ్వడం లేదు. యానాం నుంచి దరియాలతిప్ప వెళ్ళే దారిలో ఒక వీధికుక్క కూతురు భవాని పిక్క పట్టుకుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచారు. గాయం మానింది గాని, పిల్ల గడప దాటడం మానేసింది. వీధిలో ఎక్కడో మొరుగు వినబడితే చాలు, గాదె వెనక దూరేది. పోయిన జూన్‌లో బడికి పంపలేకపోయారు. ఇప్పుడు ఏడో ఏడు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక ఇది రెండో వేసవి, మళ్ళీ జూన్ వచ్చేస్తోంది.

"ఇది మందుతో పోయే భయం కాదమ్మా" అన్నాడు ఇంజెక్షన్లు వేసిన డాక్టరు. "ఇంట్లోనే మంచి జాతి పిల్లనొకదాన్ని పెంచండి. గోల్డెన్ రిట్రీవర్ అయితే పిల్లలతో ఓర్పుగా ఉంటుంది. కాకపోతే ఎవరు పెంచేరో చూసుకుని తెచ్చుకోండి. తల్లి మనుషులతో ఎలా ఉంటుందో కళ్ళారా చూడందే తేవద్దు. ఈసారి బెదిరిందంటే మీ పాపని బయటికి లాగడం నా వల్ల కూడా కాదు."

ఆ చివరి మాట సత్యవతిని వదల్లేదు. బియ్యం ఏరుతున్నా అదే, జడ వేస్తున్నా అదే. తను ఎంచింది తప్పయితే?

ఆదివారం పొద్దున్న బస్సులో భవాని తల్లి ఒళ్ళోంచి దిగలేదు. రైసుమిల్లులో గుమస్తాగా చేసే భర్త వీరభద్రరావు కిటికీ పక్కన కూర్చుని, ఉతికిన పంచె నలగకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

కాకినాడలో కుక్కలు పెంచే సూర్యనారాయణ గారు వీధి గుమ్మంలోనే ఎదురొచ్చారు. అరుగు కడిగి ముగ్గు వేసి ఉంది. లోపల కొత్త చాప, దాని మీద వెదురుబుట్టలో అయిదు పిల్లలు. పౌడరు వాసన. గోడవారగా బంగారు రంగు బొచ్చుతో పెద్ద కుక్క, మెడలో ఎర్ర రిబ్బనుతో, ముందుకాళ్ళ మీద తల పెట్టుకుని పడుకుంది.

"అదేనండి తల్లి. చూడండి ఎంత నెమ్మదో! మీ పాప చెవులు లాగినా పలకదు. ఆయ్, రండి, సున్నుండలు తీసుకోండి."

వీరభద్రరావు అప్పుడే మెత్తబడ్డాడు. పెద్దకుక్క నిజంగానే కదలలేదు. భవాని కూడా మొదటిసారి తల్లి భుజం మీంచి తల తిప్పి చూసింది. సత్యవతి ఒక్క క్షణం ఇక బెంగ తీరిందనే అనుకుంది.

సూర్యనారాయణ గారు బుట్ట వంచారు. పిల్లలు చాప మీద దొర్లి, కాళ్ళు కూడదీసుకుని నడిచాయి. ఒకటి పెద్దకుక్క పక్కనుంచే పోయింది, ఆగలేదు. రెండోది దాని కాళ్ళు తొక్కుకుంటూ పోయి గుమ్మం దగ్గర నేల వాసన చూసింది. అయిదింట్లో ఒక్కటీ పొట్ట దగ్గరకు మూతి పెట్టలేదు.

బిడ్డకు పాలిచ్చిన మనిషి సత్యవతి. పెద్దకుక్క పక్కకు ఒరిగినప్పుడు పొట్ట కేసి చూసింది. చదునుగా ఉంది. రొమ్ములు పొడిగా, సెనగగింజల్లా ఉన్నాయి.

"పిల్లలకి ఎన్ని వారాలండి?"

"అయిదండి."

"ఇంకా పాలు తాగుతున్నాయా?"

"తాగకేమండి! పొద్దస్తమానం తల్లిని వదలవు."

అప్పుడే పెరట్లో గొలుసు ఈడ్చిన చప్పుడైంది. వెంటనే గొంతు చిరిగేలా మొరుగు. అయిదు పిల్లలూ ఒకేసారి పెరటి తలుపు వైపు తిరిగాయి, కుయ్యిమంటూ పరిగెత్తాయి. భవాని గోళ్ళు సత్యవతి మెడలో దిగాయి.

"అది వేరేదండి, కాపలా కుక్క" అన్నారాయన, లేచి పెరటి తలుపు గడియ పెడుతూ.

"ఒకసారి దాన్ని చూడొచ్చాండి?"

"మనుషుల్ని చూస్తే మీదకొస్తుందండి, పాప ఉంది కదా."

సత్యవతి లేచి నిలబడింది. భర్త వైపు చూసింది. సున్నుండ తిన్నాక కాదనడం ఎలాగో తెలియని మనిషి ఆయన. చేతులు తుడుచుకుని, పెళ్ళివారు అనే మాటే అన్నాడు.

"ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామండి."

సూర్యనారాయణ గారి మొహంలో నవ్వు పోయింది. ఆ మాటకు అర్థమేమిటో ఆయనకూ తెలుసు.

బస్సులో వీరభద్రరావు నెమ్మదిగా అన్నాడు. "ఆయన తప్పేం లేదేమో సత్యా. మనం వస్తున్నామని రాసేం, ఆయన సర్దుకున్నాడు."

"అదేనండి నేను చేసిన తప్పు. ఏ రోజో, ఏ వేళకో ముందే చెప్పి మరీ వెళ్ళేం. సంబంధానికైతే నాలుగిళ్ళలో వాకబు చేస్తాం. ఇక్కడ అదీ చెయ్యలేదు."

భవాని ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు వీధి కిటికీ కూడా వేయించింది. ఉన్న ధైర్యం కూడా తానే పోగొట్టానని సత్యవతి గుండె పీకింది. ఊరుకుందామా అనుకుంది. మేలో ఇంకా పది రోజులే ఉన్నాయి.

యానాంలోనే చర్చి వెనక సందులో లూయిస్ అని ఒకాయన ఉన్నాడు. ఒక ఫ్రెంచి అధికారి ఇంట్లో వంట చేసేవాడు. దొర వెళ్ళిపోతూ గోల్డెన్ రిట్రీవర్ ఆడకుక్కని ఆయనకు వదిలి వెళ్ళాడు. అది నెల కిందట ఈనిందని పాలమనిషి చెప్పింది. కుక్కలు పెంచి అమ్మేవాళ్ళిచ్చే జాతి కాగితాలూ అవీ ఏమీ లేవు. సత్యవతి చేపలమ్మే మనిషినీ, లూయిస్ పక్కింటి టైలరునూ అడిగింది. లూయిస్ కుక్కని కొట్టగా ఎవరూ చూడలేదు. కట్టేయగా కూడా చూడలేదు.

ఈసారి ఉత్తరం లేదు, పంచాంగం లేదు. గురువారం పొద్దున్న వంట ముగించి పిల్లని చంకనేసుకుని వెళ్ళింది. భవాని దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉంది.

లూయిస్ భార్య ఆరోగ్యమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. నేలంతా తడి, మూలన కుక్కపిల్లల మురికి.

"అయ్యో, చెప్పి రాకూడదా అమ్మా? ఇల్లు చూడండి ఎలా ఉందో! ఇదిగో ఏమయ్యా, ఎవరో వచ్చేరు!"

వసారా చివర గోనె మీద తల్లికుక్క. బొచ్చు ఊడి ఈసురోమంటోంది. రొమ్ములు వేలాడుతున్నాయి, నాలుగు పిల్లలు వాటిని పట్టుకుని పీకుతున్నాయి. అది లేచి వచ్చి సత్యవతి కాళ్ళు వాసన చూసి, తోక ఒకసారి ఆడించి వెనక్కి పోయింది. సత్యవతికి ధైర్యం వచ్చింది. వంగి ఒక పిల్ల మీద చెయ్యి వెయ్యబోయింది.

తల్లి గుర్రుమంది.

సత్యవతి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గుర్రుమంటే చాలు, అంతా అయిపోతుందనే కదా ఇన్నాళ్ళూ ఆమె భయం. భవాని ఏడుస్తుందని ఎదురు చూసింది.

"చెయ్యి తీసెయ్యండమ్మగారూ" అన్నాడు లూయిస్, గాబరా లేకుండా. "కరవదు. చెబుతోందంతే. ఎవరైనా వచ్చి మన పిల్లని ఎత్తుకోబోతే మనం ఊరుకుంటామా? పక్కన కూర్చోండి. అదే వస్తుంది."

దాచలేదు. కట్టేస్తానని కూడా అనలేదు. పైగా ఆయనే అడగడం మొదలెట్టాడు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు? గొలుసు వేస్తారా? మీ అత్తగారు ఒప్పుకున్నారా, కుక్కపిల్ల వంటింట్లోకి వెళ్తే చీపురు తిరగేస్తారా? సత్యవతికి చెమట పట్టింది. తనను ఎవరైనా ఇంతగా అడిగి చాలా ఏళ్ళయింది.

"అత్తయ్యగారు ఒప్పుకోలేదు. కాని చెయ్యి చేసుకునే మనిషి కాదు" అంది, ఉన్నమాటే.

"అలాగైతే రోజూ రండి. పాపని తీసుకునే రండి. ఇంకో నెల దాకా పిల్లనివ్వను. ఆ ఎగిరేదాన్ని మాత్రం అడగొద్దు. మీ పాపకి అదిగో, ఆ బద్ధకంది."

"జూన్‌లో బడి..."

"బడికి కుక్క పోదు కదండి. పాప పోవాలి. ఇక్కడిదాకా రావడం నేర్చుకుంటే అక్కడిదాకా పోదా?"

సత్యవతి మనసులో రెండు ఇళ్ళూ పక్కపక్కన నిలబడ్డాయి. అక్కడి పౌడరు వాసన, ఇక్కడి గుర్రు. తప్పయితే ఎవరినీ అనడానికి లేదు.

చంకలో కదలిక.

"అమ్మా, అది ఎందుకు కోప్పడింది?" భవాని కళ్ళు తెరిచే ఉంది.

"వాటిని ముట్టుకోబోయాను కదా. వాళ్ళమ్మ కదా అది."

"మొన్నటిది కోప్పడలేదు."

"మొన్నటిది వాళ్ళమ్మ కాదు తల్లీ."

పిల్ల తల్లికుక్కనే చూస్తూ జారి కిందికి దిగింది. తల్లి చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, తడినేల మీద చతికిలబడింది. కుక్క తల ఎత్తింది. సత్యవతి చెయ్యి తనకు తెలియకుండానే పిల్ల భుజం మీదకు పోయింది.

"ఉష్" అంది భవాని, దాని మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు కొంచెం వెనక్కి జరుగమ్మా. నిన్ను చూసి అది భయపడుతోంది."

కుచ్చెళ్ళు వదిలేసింది. సత్యవతి ఒక్క అడుగు వెనక్కి వేసింది.