మూడ్రోజులాయన మీద దొంగతనం కేసు

పేము కుర్చీలు అల్లడంలో మూడ్రోజులాయన్ని మించినవాడు పుట్టలేదు. అతడు బిగించిన కుర్చీలో ఏనుగు కూర్చుంటే కుర్చీ కిర్రుమనలేదు సరికదా, ఏనుగుకే కునుకు పట్టిందని ఆ పేటలో చెప్పుకునేవాళ్లు. ఆ ఏనుగును చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆ మాటకొస్తే మూడ్రోజులాయన్ని చూసినవాళ్లూ లేరు.

అతడి పని తీరే అలాంటిది. ఏ ఇంట్లోనైనా అల్లిక తెగితే కుర్చీని తలకిందులుగా తిప్పి గుమ్మం ముందు పెట్టేవాళ్లు. పేట ఇంకా ముసుగు తీయకముందే అతడు వచ్చి, దాన్ని నెత్తిన పెట్టుకుని పోయేవాడు. మూడో రోజున అదే గుమ్మం ముందు కుర్చీని సరిగ్గా నిలబెట్టి, కిటికీ గూట్లో ఉంచిన కూలి తీసుకుని వెళ్లిపోయేవాడు. తలుపు కొట్టడం లేదు, బేరం లేదు, మాట లేదు. ముప్పయ్యేళ్లు అలాగే గడిచాయి. పేరు ఎవరూ అడగలేదు కాబట్టి మూడ్రోజులాయన అన్నారు. ఇంట్లో భార్య 'ఏవండీ' అనేది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. ఆవిడతో పాటు ఆ పిలుపూ పోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దమంటే, గోడ మీద బల్లి కూడా మొహమాటపడి పక్కింటికెళ్లి అరిచొచ్చేది.

ఇలా ఉండగా, చివరి వీధిలోకి ఒక రిటైరైన టీచరమ్మ అద్దెకొచ్చింది. కొత్త మనిషి. ఒకరోజు కుర్చీ కడిగి, నీళ్లు కారిపోవడానికి తలకిందులుగా తిప్పి గుమ్మం ముందు ఆరబెట్టింది. మర్నాడు చూస్తే కుర్చీ లేదు. మూడు రోజుల్లో అదే వస్తుందని చెప్పడానికి ఆవిడకు ఇరుగుపొరుగు ఎవరూ ఇంకా పరిచయం కాలేదు. నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లింది.

ఎనిమిదో రోజున చీకటితోనే పేటలో కాపు కాసి, కుర్చీ మోసుకుపోతున్న మనిషి వెంటబడి పోలీసులు మూడ్రోజులాయన ఇంటికొచ్చారు. లోపల అతడి సొంత కుర్చీ కాక ఇంకో ఏడు కుర్చీలు, గుండ్రంగా, ఒకదానికొకటి ఎదురెదురుగా వేసి ఉన్నాయి.

"ఏంటిది, మీటింగా?" అన్నాడు కానిస్టేబులు.

"రిపేరుకొచ్చినవండీ."

"ఎవరెవరివి?"

మూడ్రోజులాయన కుర్చీల వైపు చూశాడు. ముప్పయ్యేళ్లలో ఒక్కరి మొహమూ ఎరగడు. అతడికి తెలిసింది కుర్చీలే. ఇది ఎడమ పక్కకు ఒరిగి కూర్చునే మనిషిది. ఇది కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునే మనిషిది. ఇదంతా కానిస్టేబులుకు వివరించబోయాడు.

"సరే సరే, జీపులో ఎటు ఒరుగుతావో అదీ చూద్దాం, పద," అన్నాడు కానిస్టేబులు.

ఆ ఏడు కుర్చీలూ స్టేషనుకు చేరాయి. అతడికి బెయిలిచ్చి, కోర్టు తరఫున ఒక వకీలమ్మను పెట్టారు. వయసులో చిన్నది, మాటలో పెద్దది. ఆవిడ ఆఫీసంటే మెట్ల కింద ఒక బల్ల. ఎవరు పైకెక్కినా బల్ల మీద దుమ్ము రాలేది.

"చూడు బాబాయ్, నీకు మూడు దార్లున్నాయి," అంది దుమ్ము తుడుస్తూ. "ఒకటి, తప్పు ఒప్పేసుకో. మొదటిసారి కాబట్టి జరిమానాతో పోతుంది. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు."

"ఒప్పుకుంటే నేను దొంగనేగా అమ్మా."

"కాగితం మీద, అవును."

"గుమ్మం ముందు కుర్చీ ఎవరు పెడతారు ఇంక?"

వకీలమ్మ ఇంకో వేలు ముడిచింది. "రెండోది రాజీ. టీచరమ్మ సరేనంటే, కోర్టూ ఒప్పుకుంటే కేసు ఆగిపోతుంది. అడిగాను. 'దొంగిలించాను, క్షమించండి' అని రాసిస్తే సరేనంది."

"చేతులతో అల్లడం తప్ప రాయడం రాదు. వచ్చినా ఆ మాట రాయను."

"అయితే మూడోది. పోరాడ్డమే. తీసుకెళ్లడం ఒక్కటే దొంగతనం కాదు బాబాయ్. కాజేద్దామనే బుద్ధి ఉండాలి. తలకిందులుగా ఉంటే తీసుకెళ్లమని అర్థమని నువ్వు నిజంగా నమ్మావు. ఆ నమ్మకం నీ ఒక్కడిదే కాదు, పేటంతటిదీ అని చూపించాలి. సాక్షులు కావాలి. నీకు తెలిసినవాళ్లు ఎవరున్నారు?"

మూడ్రోజులాయన లెక్కపెట్టడానికి వేళ్లు చాచాడు. మెట్ల మీద ఇద్దరు ఎక్కారు, ముగ్గురు దిగారు. బల్ల మీద దుమ్ము ముగ్గు వేసినంత పడింది.

"ఎవరూ లేరమ్మా," అన్నాడు.

వకీలమ్మ ఊరుకునే రకం కాదు. కోర్టులో అర్జీ పెట్టి, మిగిలిన ఆరు కుర్చీలనూ స్టేషను వాకిట్లో తలకిందులుగా పెట్టించింది. ఎవరివో వాళ్లు వచ్చి చెప్పుకోండని నోటీసు అంటించింది. వారం రోజులు ఆ ఇరవై నాలుగు కాళ్లు ఆకాశంకేసి చూశాయి. మూడు కుర్చీలకు మనుషులొచ్చారు. మిగతా మూడింటికి ఎవరూ రాలేదు. అవి అల్లి తీసుకెళ్లేసరికి ఇళ్లు ఖాళీ అయి తాళాలు పడ్డవి. ఎప్పటికైనా వస్తారేమోనని అతడు ఇంట్లో దాచి ఉంచినవి.

వాయిదా రోజు కోర్టు వరండాలో బల్ల మీద మూడ్రోజులాయన ఒక్కడే కూర్చున్నాడు. ఒక ముసలాయన వచ్చి పక్కనే చతికిలబడ్డాడు. కూర్చోవడం కూర్చోవడమే ఎడమ పక్కకు ఒరిగాడు. ఆ ఒరుగుడు మూడ్రోజులాయనకు తెలుసు. టైలరు. కుడికాలు మిషను తొక్కుడు మీదే ఉండి ఉండి అలా ఒరిగిపోయిన మనిషని కుర్చీ అరుగుదలే అతడికి ఎప్పుడో చెప్పింది. ముప్పయ్యేళ్లలో పదకొండుసార్లు ఆ కుర్చీ ఎడమ పక్క అల్లాడు.

"ఆ మూడ్రోజులాయన వచ్చాడా, బాబూ?" అని అడిగాడు టైలరు.

"వచ్చాడండీ."

"సాక్ష్యం చెప్పమన్నారు. ఎలా ఉంటాడో ఏంటో. నువ్వు చూశావా?"

"మామూలుగానే ఉంటాడండీ."

"ఆరడుగులుంటాడని మా ఆవిడ అంటుంది. నాలుగు కుర్చీలు ఒక్క చేత్తో ఎత్తుతాడట."

"రెండు ఎత్తుతాడేమో," అన్నాడు మూడ్రోజులాయన. నేనే అని చెబుదామనుకున్నాడు. ఇన్నేళ్లూ అలవాటు లేని మాట, ఎటు నుంచి అల్లాలో తెలియలేదు. ఈలోగా టైలరును లోపలికి పిలిచారు.

టైలరు చెప్పాడు, మిగతా ఇద్దరూ చెప్పారు. కుర్చీ తిప్పి పెట్టింది మేమే, ఎప్పుడూ అంతే, ఇన్నేళ్లలో పుల్ల కూడా పోలేదు అన్నారు. బోనులో ఉన్న మనిషిని టైలరు ఎగాదిగా చూసి, వరండాలో మాట్లాడింది ఇతడితోనే అని తెలిసి నోరు వెళ్లబెట్టాడు.

అప్పుడు ప్రభుత్వ వకీలు లేచాడు. "అందరికీ మూడు రోజుల్లో ఇచ్చేవాడివి. టీచరమ్మ కుర్చీ ఎనిమిది రోజులు ఎందుకు ఉంచుకున్నావు?"

జ్వరం వచ్చిందని చెప్పమని వకీలమ్మ ముందే అంది. అతడు ఆవిడ వైపు చూశాడు. చిన్నప్పట్నుంచీ జ్వరం ఎరగని ఒళ్లు. జ్వరమన్నా దొంగమాటే, దొంగనన్నా దొంగమాటే.

"రెండో రోజుకే అల్లేశానండీ," అన్నాడు. "ఆ కుర్చీ ముందంచు ఒక్కటే అరిగింది. వెనక్కి ఆనుకున్న జాడే లేదు. అలా ఎవరు కూర్చుంటారంటే, తలుపు చప్పుడైతే లేద్దామని చూసేవాళ్లు. మా ఇంట్లో నా కుర్చీ కూడా అక్కడే అరిగింది. రెండూ ఎదురెదురుగా వేసుకున్నాను. రోజూ పొద్దున ఇచ్చేద్దామనుకునేవాణ్ణి. రోజూ ఇంకొక్క రోజు అనుకునేవాణ్ణి. కాజేద్దామని మాత్రం కాదండీ."

మేజిస్ట్రేటు తన కుర్చీలో కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు. టీచరమ్మను అడిగితే, ఆవిడ తల ఎత్తకుండా, "ముందంచే అరిగిందండీ," అంది.

తీసుకున్నది అనుమతి ఉందన్న నమ్మకంతోనే, ఆలస్యం చేస్తే పొరపాటవుతుంది గానీ దొంగతనం కాదు అని మేజిస్ట్రేటు కేసు కొట్టేశాడు. "ఇకమీదట తలుపు కొట్టి అడిగి తీసుకో," అన్నాడు.

అదే అతడికి జైలు కన్నా పెద్ద శిక్షయింది. నాలుగు రోజులు బయటికే పోలేదు. అయిదో రోజు చివరి వీధిలో టీచరమ్మ కుర్చీ కనిపించింది. తలకిందులుగా. అల్లిక చూశాడు, తను వేసిందే, చెక్కుచెదరలేదు. అయినా తలుపు ముందు నిలబడ్డాడు. ఎంత గట్టిగా కొట్టాలో తెలియదు. మొదటిసారి కొట్టింది తలుపుకే వినపడలేదు. రెండోసారికి లోపల కుర్చీ ఏదో కదిలింది.

"ఎవరూ?"

"కుర్చీ... బాగు చేయడానికి పెట్టారా అమ్మా?"

"లేదయ్యా. కడిగి ఆరబెట్టాను."

"సరేనమ్మా."

రెండు మెట్లు దిగాడు. వెనక గడియ తీసిన చప్పుడైంది. టీచరమ్మ తలుపు సగం తెరిచి, అతడి వైపు కాకుండా కుర్చీ వైపు చూస్తూ అంది.

"రేపు కూడా ఆరబెడతాను. అడిగి వెళ్లు."