గుమ్మం పక్కన సోఫా

అనీపాకు పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. మధ్యాహ్నానికి చుట్టాలు దిగుతారు. నారిన్ పట్నంలోని ఆ రెండు గదుల ఇంట్లో కొత్త సోఫాకు ఇంకా చోటే కుదరలేదు.

సోఫా చిన్నదే, ఇద్దరికి సరిపోయేది. బజారులో కొట్టువాడు ముగ్గురు కూర్చునేది అంటగట్టబోతే, "అది పెట్టుకుంటే మేం వీధిలో కూర్చోవాలి నాయనా" అని, జేనతో కొలిచి మరీ దీన్ని తెచ్చుకుంది. ఒంటి కుర్చీ అయితే రోగిష్టివాడి కుర్చీలా ఉంటుందని ఆమె భయం.

ఆమె మొగుడు జెక్షెన్‌కు మోకాళ్లు పోయాయి. నేల మీద బొంతపై కూర్చుంటే తనంతట తాను లేవలేడు. అది మూడో మనిషికి తెలియకూడదని ఆయన పంతం. అందుకే ఈ మధ్య ఇంట్లో విందు జరిగితే, మాంసం చూసుకోవాలని వంక పెట్టి వంటింట్లో స్టూలు మీద ఒక్కడే తింటున్నాడు.

ముందు సోఫాను గుమ్మానికి ఎదురుగోడకు నెట్టింది. అది పెద్దల చోటు.

"అక్కడా?" జెక్షెన్ కేకేశాడు. "మా అన్న కింద బొంత మీద, నేను ఆయన నెత్తి మీదానా? నలుగురూ ఉమ్మేస్తారే!"

కిటికీ కిందకు లాగింది. అక్కడా ఎత్తు ఎత్తే.

"నీకు పుణ్యముంటుంది, తిరిగిచ్చెయ్. నాకు వంటిల్లే హాయి."

"ఊరుకోవయ్యా! సొంతింట్లో దొంగలా తింటావా? నేను చూడలేను."

చివరికి గుమ్మం పక్కకు ఈడ్చింది. టీ పోసే కోడళ్లు, కుర్రకారు కూర్చునే చోటది. సోఫా ఎత్తయినా చోటు తక్కువది కాబట్టి ఎవరికీ తప్పు తోచదనుకుంది.

చుట్టాలొచ్చి వరసగా కూర్చున్నారు. సోఫాలో జెక్షెన్ పక్కన ఒక్కరూ కూర్చోలేదు.

"ఏం బాబాయ్, ఇవాళ టీ పోసే పని నీదా?" అన్నాడు మేనల్లుళ్లతో కలిసొచ్చిన అన్న కొడుకు. బంతంతా గొల్లుమంది. జెక్షెన్ చెవులు ఎర్రబడ్డాయి. సోఫా చెయ్యి పట్టుకుని వంటింటివైపు లేవబోయాడు.

అప్పుడే ఆయన అన్న ఓరోజ్ కర్ర టకటకలాడిస్తూ లోపలికొచ్చాడు.

"మా తమ్ముణ్ని గుమ్మంలో కూర్చోబెట్టిందెవరు?"

తప్పు తన మీద వేసుకుందామని అనీపా నోరు తెరిచింది.

"నేనే కూర్చున్నా అన్నా," అన్నాడు జెక్షెన్. "మోకాళ్లు పోయాయి. కింద కూర్చుంటే లేవలేను."

ఓరోజ్ తమ్ముణ్ని ఎగాదిగా చూశాడు.

"జరుగు."

"నీ చోటు అక్కడ కదా..."

"నా చోటు నాకు చెప్పేంతవాడివయ్యావా? జరగరా!"

ఓరోజ్ తమ్ముడి పక్కన సోఫాలో కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అతిథిపెద్దకు పెట్టే గొర్రెతలకాయ పళ్లెంతో ఒక కోడలు వచ్చి, ఎటు వెళ్లాలో తెలియక నట్టింట ఆగిపోయింది.

"ఇటమ్మా," అంది అనీపా, సోఫా చూపించి. "పెద్దాయన ఇక్కడున్నారు."

దాంతో ఒక్కొక్కరే బొంతలు పట్టుకుని లేచారు. బంతి మొత్తం తిరగబడింది. పెద్దలంతా గుమ్మం వైపు చేరేసరికి టీ కాచే సమోవార్ పెట్టుకోవడానికి ఎదురుగోడ ఒక్కటే మిగిలింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక మొదటిసారి అనీపా అక్కడ కూర్చుని, నలుగురిలో తింటున్న మొగుణ్ని చూస్తూ టీ పోసింది.