నన్ను ఎంచుకోకు తల్లీ

నేను ఒక బౌలింగ్ బంతిని. ముదురు నీలం ఒళ్ళు, మీద వెండి చారలు, వేళ్ళు పెట్టుకోవడానికి మూడు కన్నాలు. చేత్తో ఎత్తిన ప్రతివాడూ "అబ్బో, రాయిలా ఉంది" అంటాడు. రాయితనమంతా ఒంటికే. లోపలున్నది పిట్టగుండె. ఇంత బరువున్న దానికి భయమేమిటని నవ్వకండి. మీరు మాత్రం తక్కువా? అంత పొడుగు మనుషులై ఉండి బల్లి మీద పడితే ఇల్లు పీకి పందిరేస్తారు.

నాకు చాలా భయాలున్నాయి. మమ్మల్ని దొర్లించే లేన్ పక్కనుండే కాలువంటే భయం. లేన్ చివర మేము పడగొట్టాల్సిన పిన్నుల వెనకనున్న చీకటి గుంటంటే భయం. అందులో పడ్డాక నేల కింది సొరంగంలో దొర్లుకుంటూ మళ్ళీ పైకి వచ్చేదాకా బతికున్నానో లేదో నాకే తెలియదు. మండుటెండలో కారు డిక్కీ అంటే మరీ భయం. ఆ వేడికి మా వాళ్ళు నిలువునా పగిలిపోయిన కథలు చాలా విన్నాను. ఇవన్నీ ఒక ఎత్తు. ఆడే మనిషి నన్ను తగని చోట ఎంచుకుంటుందేమోనన్న భయం ఒక్కటీ ఒక ఎత్తు. ఆ భయం నిజమైన రోజు గురించి చెప్పాలనే నోరు విప్పాను.

ఎక్కడో చలి దేశంలో, ఒక కార్ఖానాలో నన్ను పోశారు. ముందు బల్బు ఆకారంలో గుండెను చేసి, దాని చుట్టూ రెజిన్ అనే చిక్కటి జిగురు పోసి, గట్టిపడ్డాక గరుకు కాగితంతో ఒళ్ళంతా రుద్దారు. అందుకే నా చర్మం నున్నగా మెరవదు. కంటికి ఆనని రంధ్రాలు నా నిండా ఉన్నాయి. అవి నేలను పట్టుకుంటాయి, నూనెను తాగుతాయి.

నూనె ఎక్కడిదంటారా? బౌలింగ్ లేన్ మీకు ఉత్త చెక్కలా కనిపిస్తుంది. దాని మీద మిషన్‌తో పల్చగా ఆయిల్ పూస్తారు. ముందంతా ఆయిల్, చివర పిన్నుల దగ్గర పొడి. ఆయిల్ దండిగా ఉంటే నాలాంటి గరుకు బంతి హాయిగా జారుకుంటూ పోతుంది. చివర పొడి నేల తగలగానే పట్టు దొరికి, పక్కకు వంగి, సూటిగా పిన్నుల గుంపులోకి దూరుతుంది. ఆయిల్ లేకపోతే దారి మధ్యలోనే నేలను పట్టేసుకుంటుంది. ముందే వంగిపోతుంది. తర్వాత ఎటు పోతుందో దానికే తెలియదు. అలాంటి ఎండిన లేన్‌కు నున్నటి ప్లాస్టిక్ బంతి కావాలి. దానికి పట్టూ లేదు, పంతమూ లేదు, వేసినట్టు తిన్నగా పోతుంది. ఏ నేలకు ఏ బంతి అన్నది తెలిస్తే ఈ ఆటలో సగం వచ్చినట్టే. మనుషులు ఆ సగం వదిలేసి మిగతా సగం కోసం చెమటోడుస్తారు.

నా మొదటి యజమాని వంశీధర్. హైదరాబాదులో ప్లాట్లు అమ్మే కుర్రాడు. దుకాణంలో నన్ను చూస్తూనే "ఈ బ్లూ కలర్ మస్తుంది భయ్యా, ప్యాక్ చెయ్యి" అన్నాడు. పెళ్ళికూతురికి చీర ఎంచినంత సేపు కూడా ఆలోచించలేదు మహానుభావుడు. లేన్ తడిగా ఉందా పొడిగా ఉందా చూసేవాడే కాదు. బలం కొద్దీ విసిరేవాడు. నేను సగం రోజులు కాలువలోనే గడిపాను. ప్రతిసారీ పై ప్రాణాలు పైనే పోయేవి. చివరికి "ఈ బంతి దండగ" అని నన్ను తెచ్చిన దుకాణంలోనే వదిలేసిపోయాడు. తప్పు బంతిదట!

అక్కడినుంచి నన్ను కొనుక్కున్నది ఝాన్సీ. కట్టుడుపళ్ళు తయారుచేసే చోట పనిచేస్తుంది. వరంగల్లు పిల్ల, హైదరాబాదు కోడలు. నలభైకి దగ్గర పడింది. ఆమె వేళ్ళు సన్నం కాబట్టి నా పాత కన్నాలు పూడ్చి కొత్తవి తొలిపించింది. డ్రిల్లు మిషన్ గుయ్యిమంటూ ఒంట్లోకి దిగుతుంటే నా పని అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత ఆమె వేళ్ళు లోపలికి వచ్చి చల్లగా కూర్చున్నాయి. నన్ను అలా పట్టుకున్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

ఆమె నన్ను చదివింది. పన్నుకు పన్ను సరిపోయేలా అరగదీసే చేతులు కదా, వేలి కొసతో తడిమి నా గరుకుతనం చెప్పేసేది. ఆడిన ప్రతిసారీ ఒంటిమీది ఆయిల్ తుడిచేది. నేను తాగిన ఆయిల్ ఎక్కువై బద్ధకిస్తే గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టి కక్కించేది. నా సంచిలోనే ఒక ఎర్ర ప్లాస్టిక్ బంతి కూడా ఉండేది. మిగిలిపోయిన ఒంటరి పిన్నును కొట్టడానికి దాన్ని తీసేది. మాట్లాడని మనిషి అది. నాకు దాన్ని చూస్తే కొంచెం చులకన, నిజం చెప్పాలి.

ఝాన్సీకి ఒకటే కోరిక. రాష్ట్రం జట్టులో ఒక్కసారి ఆడాలి. ఏళ్ళ తరబడి అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. మణికట్టు నొప్పి ముదిరింది. ఈ ఏడు దాటితే బరువు బంతి ముట్టొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. జట్టులో ఆడవాళ్ళకు ఒక్క చోటు మిగిలింది. దానికి ఎంపిక పోటీ మేము ఎప్పుడూ ఆడే బౌలింగ్ సెంటర్‌లోనే పెట్టారు. ఆయుధపూజ మరునాడు.

ఆయుధపూజ నాడు ఆ సెంటర్ మేనేజరు నర్సింగరావు హడావుడి చూడాలి. గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టించాడు. ఆయిల్ పూసే మిషన్‌ను పూజ పీట దగ్గర నిలబెట్టి బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. మొదట కదిలేటప్పుడు వాటిని తొక్కించాలి కదా. ఝాన్సీ నన్ను కూడా తెచ్చి ఆ పీట మీద పెట్టింది. ఎర్ర బంతి కారులోనే ఉండిపోయింది. పంతులు నా మీద అక్షింతలు వేశాడు. ఝాన్సీ బొట్టు పెట్టి రెండు చేతులూ జోడించింది. కాలువలో పొర్లిన బతుకు నాది, నాకు దండం! గర్వపడాల్సింది పోయి గుండెలో రాయి పడింది. మనిషి దండం పెట్టిన దాన్ని మళ్ళీ పనిముట్టుగా చూడలేదని ఎందుకో తోచింది.

మర్నాడు పొద్దున నా బొట్టు తుడిచింది. ఆటలో బంతికి ఏదీ అంటుకుని ఉండకూడదు మరి. తుడుస్తూ లెంపలు వేసుకుంది. తోడుగా వాళ్ళ అన్న భార్య సువర్ణ వచ్చింది. ఈ ఆట గురించి ఆవిడకు అ ఆ లు రావు. స్టీలు టిఫిన్ డబ్బాలో సర్వపిండి తెచ్చి, వెనక కుర్చీలో కూర్చుని, "దేవుని దయ ఉంటే ఒక్క దెబ్బకు అన్ని పడ్తయ్ తీ" అని ధైర్యం చెబుతోంది.

మూడు ఆటల పాయింట్లు కలిపి లెక్క. ఆయిల్ పొద్దున్నే పూశామని నర్సింగరావు అందరికీ చెప్పాడు. ఝాన్సీ నన్ను తీసింది. నాలుగడుగులు నడిచి వంగి వదిలింది.

నేల తగలగానే నాకు అర్థమైపోయింది. ఆయిల్ లేదు! ముందురోజు సెలవని జనమంతా వచ్చి ఆడి ఆడి ఉన్న కాస్తా ఊడ్చుకుపోయారు. ఎండిన చెక్క నా ఒంటిని చర్రున పట్టేసింది. ఆగుదామన్నా ఆగలేను, జారుదామన్నా జారలేను. మధ్యలోనే ఎడమకు తిరిగిపోయి, అన్నిటికంటే ముందుండే తలపిన్నును తప్పించుకుని అవతల పక్కవాటిని కొట్టాను. అటు రెండు, ఇటు ఒకటి విడివిడిగా నిలబడి నన్ను వెక్కిరించాయి. అమ్మో, నా తల్లి కొంప ముంచానని వణికిపోయాను.

నేను సొరంగంలోంచి తిరిగొచ్చేసరికి ఝాన్సీ తన మణికట్టు వంక చూసుకుంటోంది. "నా చెయ్యే ఎక్కువ తిరుగుతున్నది వదినె. నొప్పికి పట్టు తప్పుతున్న" అంది. చెయ్యి కాదు తల్లీ, నేల! నేల చూడు! ఎర్రదాన్ని తియ్యి! ఎంత మొత్తుకున్నా బంతి మాట ఎవరు వింటారు? మళ్ళీ నన్నే ఎత్తింది. మళ్ళీ అదే. మొదటి ఆట ముగిసేసరికి ఆమె చాలా వెనకబడింది. మిగతావాళ్ళు కూడా తడబడుతున్నారు కానీ, మరీ ఇంత కాదు.

అప్పుడు సువర్ణ వేళ్ళు నాకుతూ మూలకు చూసి, "ఝాన్సీ, గా మిషిని కింద నిమ్మకాయలు గట్లనే ఉన్నయేంది?" అంది.

"ఏ మిషిని వదినె?"

"గదే, దండేసినరు సూడు. పొద్దుగాల నడిపినం అన్నరు గద. నడిపితే నిమ్మకాయలు నలగాలె. పూజ చేసి తొక్కియ్యకుంటే ఎట్ల? అపశకునం గాదూ?"

ఝాన్సీ గబగబా వెళ్ళి చూసింది. నిమ్మకాయలు గుండ్రంగా, పచ్చగా, నిక్షేపంలా ఉన్నాయి. దండ కూడా చెదరలేదు. నర్సింగరావును పిలిచింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం జెప్పాలె మేడం. పొద్దుగాల వర్జ్యం ఉన్నది, పూజల కూసోవెట్టినదాన్ని కదపొద్దన్నడు పంతులు. ఒక్క పూట ఆయిల్ లేకుంటే ఏమైతదిలే అనుకున్న. ఇప్పుడు ఆట నడుమ పూద్దామంటే రూల్ ఒప్పుకోదు."

ఆ మాట నా చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది. ఇక బతికాంరా దేవుడా అనుకున్నాను. ఝాన్సీ ఏం చేసిందో తెలుసా? తిరిగొచ్చి, పోటీలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది. "లేన్ల మీద ఆయిల్ లేదు. ఎండిపోయి ఉన్నయ్. చూసుకుని బంతులు మార్చుకోండ్రి."

అందరూ సంచులు తెరిచారు. గరుకు బంతులన్నీ లోపలికి పోయాయి, నున్నటివి బయటికొచ్చాయి. అందరికంటే ముందు మార్చింది షాహీన్. ఆమే ఝాన్సీకి అసలు పోటీ.

ఝాన్సీ కూడా ఎర్ర బంతిని తీసింది. చేతిలో పట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. అంతలో సువర్ణ, "అయ్యో, పూజ చేసినదాన్ని పక్కకు వెట్టి గా ఎర్రదాన్ని పడ్తవా?" అంది. పాపం, మంచి మనసుతోనే అంది. ఝాన్సీ నా వంక చూసింది. ఆ చూపు చూసి నా గుండె జారిపోయింది. అది ఆటగత్తె చూపు కాదు, తల్లి చూపు. ఎర్రదాన్ని కింద పెట్టేసింది. నా మీద చెయ్యి వేసి నిమిరి, "జర పక్కకు జరిగి, జోరుగ వేస్తే అయితది. ఏమంటవ్?" అని నన్నే అడిగింది.

వద్దంటాను! వద్దు తల్లీ, నన్ను ఎంచుకోకు! పూజలూ వద్దు, పుణ్యమూ వద్దు, నన్ను ఆ సంచిలో పడేసి జిప్పు లాగెయ్!

రెండో ఆట కూడా నాతోనే ఆడింది. బాగా ఎడమకు జరిగి నిలబడి, బలమంతా పెట్టి విసిరింది. అలా విసిరితే మణికట్టు ఎంత నొప్పి పెడుతుందో నా కన్నాల్లో ఉన్న ఆమె వేళ్ళు చెబుతూనే ఉన్నాయి. నేను నా శక్తికొద్దీ వంగకుండా పోవాలని చూశాను. నాలుగుసార్లు కుదిరితే రెండుసార్లు చెడింది. ప్రతి విసురుకూ చచ్చి బతికాను. పక్క లేన్‌లో షాహీన్ నున్నటి బంతి తిన్నగా పోతూ ఒక్కో పిన్నునూ ఊడ్చేస్తోంది.

మూడో ఆటకు ఝాన్సీ కాసేపు నాకూ ఎర్రదానికీ మధ్య నిలబడింది. చివరికి కళ్ళు మూసుకుని ఎర్రదాన్ని తీసుకుంది.

బంతులు పెట్టే అరమీద కూర్చుని మొదటిసారి ఆమె ఆట నేను బయటినుంచి చూశాను. ఏం ఆట అది! బంతి గీత గీసినట్టు పోయేది, పిన్నులు గలగలమని రాలేవి. సువర్ణ కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. నాకు అసూయ కలగలేదంటే నమ్మండి. కొట్టు ఎర్రమ్మా, నా తల్లిని గట్టెక్కించు అని మొక్కుకున్నాను. నేను చులకన చేసిన బంతికి నేనే మొక్కాను. ఆ రోజు అక్కడ ఆడిన ఆటలన్నిట్లోకీ అదే పెద్ద స్కోరు.

మూడూ కలిపి లెక్కవేశారు. షాహీన్‌కు ఒక్క పిన్ను ఎక్కువ. జట్టులో చోటు షాహీన్‌ది.

షాహీన్ పరుగెత్తుకొచ్చి ఝాన్సీ చేతులు పట్టుకుంది. "అక్కా, మీరు చెప్పకపోతే నేను బంతి మార్చేదాన్నే కాదు" అని ఏడ్చేసింది. ఝాన్సీ ఆమె వీపు తట్టి, "మంచిగ ఆడు పో బిడ్డా. మా పేరు నిలపాలె" అని పంపింది. షాహీన్ అటు వెళ్ళాక కుర్చీలో కూలబడింది.

సువర్ణ ముఖం చిన్నబోయింది. "నేనన్ననని ఆగినవా ఝాన్సీ? నా నోరు పడిపోను. అందరికి చెప్పినవ్, నువ్వెందుకు మార్చలే?"

"నీ మాటకు కాదు వదినె" అంది ఝాన్సీ. "దీన్ని పక్కకు పెట్టనీకె నాకే చేతులు రాలే."

అని నన్ను అరమీదనుంచి ఎత్తి ఒడిలో పెట్టుకుంది. ఎత్తేటప్పుడు మణికట్టు కలుక్కుమని పళ్ళు బిగించింది. నేను బరువు, నాకు తెలుసు. దించెయ్ తల్లీ, నన్ను దించెయ్ అని ఎంతగా వేడుకున్నానో. ఆమె ఇంకా దగ్గరగా హత్తుకుని, చున్నీ కొసతో నా ఒళ్ళు తుడుస్తూ కూర్చుంది.